బేతేలుకు తిరుగు ప్రయాణం

స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ దేశాల్లో ‘ఓరియంటీరింగ్’ అనే ఆటకు ఎంతో ఆదరణ ఉంది. సైనిక శిక్షణలో పుట్టిన ఈ ఆటలో ప్రజలు పాల్గొన్న తొలి పోటీ 1897లో నార్వేలో జరిగింది. క్రీడాకారుడి చేతిలో ఒక పటం, ఒక దిక్సూచి ఉంటాయి. అడవిలో అక్కడక్కడా ఉంచిన తెలుపు, నారింజ రంగుల గుర్తులన్నిటినీ వరుసగా చేరుకుంటూ గమ్యానికి రావాలి. ఏ దారిన వెళ్లాలో ఎవరూ చెప్పరు. ఒక్క గుర్తును వదిలేసినా పడిన శ్రమంతా లెక్కలోకి రాదు.

ఎంత అనుభవమున్నవారైనా ఈ ఆటలో ఎప్పుడో ఒకప్పుడు దారి తప్పుతారు. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. పటంలో వాగుకు కుడివైపున గుట్ట ఉంటుంది, కళ్లెదుట బురదనేల కనిపిస్తుంది. అప్పుడైనా ఆగాలి. కానీ చాలామంది ‘పటం పాతదేమో’ అని సర్దిచెప్పుకుని ఇంకా వేగంగా పరుగెడతారు. పటాన్ని తనకు అనుకూలంగా వంచుకోవడమంటే ఇదే. శిక్షకులు నేర్పే సూత్రం సులువైనదే. వెంటనే ఆగాలి. పటాన్ని దిక్సూచితో సరిచూసుకోవాలి. ఎక్కడున్నామో తేలకపోతే, నిశ్చయంగా తెలిసిన చివరి చోటికి తిరిగి వెళ్లాలి.

విశ్వాసులకు తండ్రి అని పిలువబడిన అబ్రాహాము అదే చేశాడు. బేతేలుకు, హాయికి మధ్య గుడారం వేసుకుని, బలిపీఠం కట్టి దేవుని ఆరాధించిన అబ్రాము కరువు రాగానే ఐగుప్తుకు వెళ్లాడు. ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పించాడు. శారయి ఫరో ఇంటికి చేరింది. చివరికి అన్యుడైన రాజు చేత నిలదీయబడ్డాడు. అక్కడ అతనికి గొర్రెలు, పశువులు, దాసదాసీలు సమృద్ధిగా దొరికారు గానీ, ఐగుప్తులో అతడు బలిపీఠం కట్టినట్టు వాక్యంలో ఎక్కడా లేదు. ఆదికాండము 13వ అధ్యాయంలో అతడు మజిలీ మజిలీగా ప్రయాణించి, మొదట గుడారం వేసిన చోటికే, ఆ బలిపీఠం దగ్గరికే వచ్చి దేవుని నామమున ప్రార్థించాడు.

ఇశ్రాయేలీయులు దీనికి భిన్నంగా చేశారు. వేగులవారి మాట విని కనానులోకి వెళ్లబోమన్నారు. దేవుని తీర్పు విన్నాక, పొరపాటును తామే దిద్దుకుంటామంటూ మరునాడు కొండ ఎక్కారు. మోషే వద్దన్నాడు, మందసం పాళెంలోనే ఉండిపోయింది. హోర్మా వరకు తరమబడ్డారు (సంఖ్యా. 14). అడగకుండా వెళ్లిన దారిని మరింత వేగంతో సరిచేసుకోలేం.

ప్రియ పాఠకులారా! అప్పును దాచడానికి మరో అప్పు చేస్తున్నామా? అన్నదమ్ముల తగాదాలో ‘న్యాయం నా వైపే ఉంది’ అంటూ క్షమాపణ గురించిన వాక్యానికి కొత్త అర్థాలు చెబుతున్నామా? అదే పటాన్ని వంచుకోవడం. చివరిసారి దేవునితో యథార్థంగా మాట్లాడిన చోటు ఎక్కడో జ్ఞాపకం చేసుకోవాలి. ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పినదీ ఇదే (ప్రకటన 2:5).

పోటీ ముగిశాక ఓరియంటీరింగ్ క్రీడాకారులు కలిసి కూర్చుని, పటం మీద తాము వెళ్లిన దారి గీసుకుని, ఎక్కడ తప్పామో ఒకరికొకరు చెప్పుకుంటారు. మన సాక్ష్యాల్లో మాత్రం విజయాలే ఎక్కువగా వినిపిస్తాయి. ఐగుప్తులో అబ్రాము చెప్పించిన అబద్ధాన్ని బైబిలు దాచలేదు. పడి లేచినవారు నోరు విప్పగలిగే సంఘంలోనే, ఇంకా దారి తప్పి ఉన్నవారికి తిరిగి రావడానికి ధైర్యం కలుగుతుంది.

ఆటలో దారి తప్పినవాడు ఒంటరిగా వెనక్కి రావాలి. మనకు మాత్రం తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని విడిచి వెదకి, దొరికాక భుజాల మీద మోసుకొచ్చే కాపరి ఉన్నాడు (లూకా 15). కనుక వెనక్కి తిరగడానికి సిగ్గుపడనక్కరలేదు. ఎంత దూరం వెళ్లినా, ఆగిన చోటనే ఆయన స్వరం వినబడుతుంది. అట్టి కృప ప్రభువు మనకు అనుగ్రహించును గాక!