కట్టప్ప గురించి అడగని ప్రశ్న

2015 జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలైంది. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చింది. మధ్యలోని ఇరవై రెండు నెలల పాటు తెలుగునాట ఒకే ప్రశ్న ఊరూరా తిరిగింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? మా సిద్దిపేటలో చాయ్ హోటళ్ల దగ్గర, కాలేజీ గేట్ల ముందు, ఆటో స్టాండులో ఆ ప్రశ్న మీద పందేలు కూడా కాశారు. రాజకీయ నాయకుల ప్రసంగాల్లోకి, పెళ్లి పందిళ్లలోకి ఆ మాట పాకింది. ఒక కల్పిత రాజ్యంలో ఒక కల్పిత సేనాని చేసిన హత్య మీద ఇంత చర్చ జరిగిన సందర్భం మన సినిమా చరిత్రలో మరొకటి లేదు.

ఆ సినిమాను తిట్టిపోయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దాన్ని మూడుసార్లు నాలుగుసార్లు చూసిన కుర్రాళ్లను చిన్నచూపు చూడటం అంతకన్నా కాదు. కోట్లమంది ఒక ప్రశ్నను తమ సొంత ప్రశ్నగా చేసుకున్నారంటే అందులో వాళ్ల జీవితానికి తగిలేది ఏదో ఉండి తీరాలి. అదేమిటో చూడాలి. దానితోపాటు, ఆ ప్రశ్న పక్కనే ఉండి కూడా ఎవరూ అడగని మరో ప్రశ్న ఉంది. దాన్ని కూడా చూడాలి.

మొదట, రెండో భాగం అనే సరుకు ఎలా పనిచేస్తుందో గమనిద్దాం. మొదటి భాగం ఒక ప్రామిసరీ నోటు లాంటిది. ప్రేక్షకుడు డబ్బు చెల్లించి సగం కథే పట్టుకొని ఇంటికి వెళతాడు. మిగతా సగం బాకీ. ఆ బాకీ తీర్చే రోజు దాకా అతని ఆసక్తే నిర్మాతకు పెట్టుబడి. అందుకే రెండో భాగం పదిరోజుల్లో ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్లు దాటింది. ఒక భారతీయ చిత్రం అంత వసూలు చేయడం అదే మొదటిసారి.

అయితే ప్రశ్న వేసినంత మాత్రాన బాకీ తీరదు. 1986లో ‘హైలాండర్’ అనే ఇంగ్లీషు సినిమా వచ్చింది. తల తెగితే తప్ప చావులేని కత్తియోధులు శతాబ్దాల పాటు ఒకరినొకరు వేటాడే కథ. వాళ్లకు ఆ అమరత్వం ఎక్కడిదో సినిమా చెప్పలేదు. ఆ చెప్పకపోవడంలోనే దాని ఆకర్షణ ఉంది. 1991లో వచ్చిన రెండో భాగం ఆ రహస్యం విప్పింది: వాళ్లు వేరే గ్రహం నుంచి బహిష్కరించబడి భూమికి చేరినవాళ్లట! అభిమానులు ఆ జవాబును ఒప్పుకోలేదు. చివరకు దర్శకుడు రస్సెల్ మల్కాహి 1995లో ఆ గ్రహం ప్రసక్తి తీసేసి సినిమాను తిరిగి కూర్చవలసి వచ్చింది. దీన్నిబట్టి ఒకటి తెలుస్తుంది. అభిమాని మనం అనుకునేంత గుడ్డివాడు కాడు. కథకు ఒక ధర్మం ఉంటుందనీ, దాన్ని తప్పితే కథకుణ్ణే నిలదీయాలనీ అతనికి తెలుసు.

‘బాహుబలి’ రెండో భాగం ఆ పరీక్షలో నెగ్గింది. కట్టప్ప ఎందుకు చంపాడు? రాజమాత శివగామి ఆజ్ఞాపించింది కనుక. అతను చంపకపోతే తానే చంపుతానంది కనుక. కట్టప్ప వంశం మాహిష్మతి సింహాసనానికి తరతరాల బానిసత్వం రాసిచ్చింది కనుక. జవాబు పాత్రల స్వభావం నుంచే వచ్చింది. అందుకే థియేటర్లో జనం నిట్టూర్చారు తప్ప వెక్కిరించలేదు. రచయిత విజయేంద్రప్రసాద్, దర్శకుడు రాజమౌళి పనితనం ఇక్కడ ఒప్పుకోవలసిందే.

ఇక ఈ కథలో అమరత్వం సంగతి. వెన్నుపోటుతో చచ్చినవాడి పేరు అమరేంద్ర. అతను చనిపోయినా ప్రేక్షకుడికి ఆ దుఃఖం నిలవదు. అదే ముఖంతో, అదే కండలతో, అదే ప్రభాస్ కొడుకు మహేంద్రగా వచ్చి పగ తీర్చుకుంటాడు. శివుడనే పేరుతో అతను గూడెంలో పెరిగాడు. పెంచిన తల్లి, తోడుగా తిరిగిన గూడెం జనం అందరూ కథలో ఉన్నారు. కానీ అతన్ని వీరుణ్ణి చేసింది ఆ పెంపకం కాదు, రాజరక్తం. ఈ సినిమాలో చావులేనిది మనిషికి కాదు, వంశానికి.

మన జానపద చిత్రాలు మొదటినుంచీ ఇలా లేవు. 1951లో కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’లో తోటరాముడు తోటమాలి కొడుకు. సాహసంతో, తెలివితో మాంత్రికుణ్ణి గెలిచి రాకుమారిని పెళ్లాడతాడు. రాజ్యం పోయి ప్రజాప్రభుత్వం వచ్చిన ఆ రోజుల్లో ఒక తోటమాలి కొడుకు కోటలో అడుగుపెట్టడాన్ని జనం తమ విజయంగా చూసుకున్నారు. తరువాత విఠలాచార్య చిత్రాల కాలం వచ్చింది. కోదాడ దగ్గరి గుడిబండ నుంచి వచ్చిన కాంతారావు ‘కత్తి కాంతారావు’ అయ్యాడు. ఆ సినిమాలు తక్కువ డబ్బుతో తీసినవి. కోట గోడ అట్టముక్క అని తెలుస్తూనే ఉండేది. కత్తి తిప్పే మనిషిని చూసి జనం చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడు కోట నిజం కోటలాగే కనిపిస్తుంది. కానీ తోటమాలి కొడుకు దాని లోపలికి రాలేడు. 1951 నుంచి 2017కు సాంకేతికంగా ఎంత ముందుకు వచ్చామో, ఈ ఒక్క విషయంలో అంత వెనక్కి నడిచాం.

మళ్లీ కట్టప్ప దగ్గరికి వద్దాం. మొదటి భాగంలో అస్లాం ఖాన్ అనే వ్యాపారి అతని ఖడ్గవిద్యను మెచ్చి, స్వేచ్ఛ కొనిస్తానంటాడు. పూర్వీకుల ప్రతిజ్ఞ గుర్తుచేసి కట్టప్ప కాదంటాడు. ఆ తరువాత శివుడి ముఖం గుర్తుపట్టగానే పరుగెత్తుకెళ్లి, అతని పాదం తీసి తన తలమీద పెట్టుకుంటాడు. థియేటర్ దద్దరిల్లిన ఘట్టం అది. తన కన్నా చిన్నవాడి పాదాన్ని ఒక మహాయోధుడు నెత్తిన పెట్టుకోవడం మనకు అంత సహజంగా, అంత గొప్పగా ఎందుకు తోచింది?

ఈ ప్రాంతంవారికి ఆ ప్రతిజ్ఞ పరాయిది కాదు. నిజాం రాజ్యంలో ఇక్కడ వెట్టి ఉండేది. దానితోపాటు భగేలా ఉండేది. తాత చేసిన అప్పుకు తండ్రి, తండ్రి తీర్చలేనిదానికి కొడుకు దొర ఇంట్లో చాకిరీ చేయాలి. అప్పు ఎంతో, తీరిందెంతో పాలేరుకు తెలియదు. దొర దగ్గరున్న కాగితమే సాక్ష్యం. దాన్ని అదుపు చేస్తామంటూ నిజాం ప్రభుత్వం 1936లో ఒక చట్టం చేసింది. స్వతంత్ర భారతంలో వెట్టిచాకిరీని రద్దు చేసే చట్టం 1976లో గాని రాలేదు. కట్టప్ప ప్రతిజ్ఞకూ ఆ కాగితానికీ తేడా ఒక్కటే: సినిమాలో దానికి విశ్వాసం అని పేరు పెట్టారు.

దేవసేన ఇరవై అయిదేళ్లు సంకెళ్లలో ఉంటుంది. ఆ సంకెళ్లు మనకు కనిపిస్తాయి, చివరకు తెగుతాయి. కట్టప్ప సంకెల కనిపించదు. మహేంద్రకు పట్టాభిషేకం అవుతుంది, దుష్టులు చస్తారు, మాహిష్మతికి మంచిరోజులు వస్తాయి. కట్టప్పకు బానిసత్వం పోయిందని మాత్రం సినిమా ఎక్కడా చెప్పదు. ఎందుకు చంపాడని అడిగిన మనం, ఎప్పుడు విడుదలయ్యాడని అడగలేదు.

మరి అభిమానులు ఇందులో ఏం చూసుకున్నారు? నిండుసభలో శివగామిని ఎదిరించి, తన ఇష్టం అడగకుండా పెళ్లి ఎలా కుదిర్చారని నిలదీసే దేవసేనను చూశారు. ఆడవాళ్ల ఒంటిమీద చేయి వేసినవాడికి అదే సభలో, అదే క్షణంలో శిక్ష పడటం చూశారు. వాయిదాల మీద వాయిదాలు పడే కోర్టుల చుట్టూ తిరిగినవాడికి ఆ ఒక్క కత్తివేటు ఎంత ఊరటో చెప్పనక్కర లేదు. కోట వదిలి జనం మధ్య బతికే రాజును చూశారు. తాడిచెట్లను వంచి సైనికులను గోడల మీదికి విసిరే ఘట్టంలో, తాడిచెట్టెక్కి బతికే కుటుంబాల పిల్లలు ఈలలు వేశారంటే ఆశ్చర్యం లేదు. తమకు తెలిసిన చెట్టు కోటను గెలిచింది కదా! ఈ కోరికలన్నీ న్యాయమైనవే. న్యాయం చేసేవాడు పైనుంచి దిగిరావాలనడంలోనే చిక్కు ఉంది.

రెండో భాగం విడుదలకు ముందు మరో సంగతి జరిగింది. కట్టప్ప వేషం వేసిన సత్యరాజ్ కావేరీ జలాల మీద ఏళ్ల కిందట మాట్లాడిన మాటలకు కర్ణాటకలో నిరసన లేచి, సినిమాను ఆడనివ్వమన్నారు. 2017 ఏప్రిల్ 21న ఆయన విచారం వ్యక్తం చేశాడు. తన మూలంగా మిగతావారి శ్రమకూ పెట్టుబడికీ నష్టం రాకూడదన్నాడు. తెరమీద సింహాసనానికి తలవంచినవాడు తెరబయట పెట్టుబడికి తలవంచవలసి వచ్చింది.

2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి, పావుతక్కువ నాలుగు గంటల సినిమాగా మళ్లీ విడుదల చేశారు. ఇప్పుడు రహస్యం ఏమీ లేదు. ప్రశ్నా జవాబూ ఒకే పూటలో దొరుకుతాయి. అయినా జనం వెళ్లారు. అంటే వాళ్లను పట్టి ఉంచింది ఆ ప్రశ్న ఒక్కటే కాదు. వీరుడు చావడన్న నమ్మకం కోసం మళ్లీ వెళ్లారు.

ఆ నమ్మకానికి మా జిల్లాలో వేరే ఆనవాళ్లున్నాయి. చేర్యాల నకాషీ పటాల మీద శ్రమచేసే కులాలకు ఒక్కొక్కరికీ ఒక్కొక్క వీరగాథ ఉంది. పద్మశాలీలకు చావును జయించిన మార్కండేయుడు. గొల్లలకు కాటమరాజు. కాటమరాజు కత్తి పట్టింది సింహాసనం కోసం కాదు. పశువుల మేతకు కట్టే పుల్లరి దగ్గర నెల్లూరు నల్లసిద్ధితో తగువు వచ్చి పట్టాడు. పటం చూపిస్తూ కథ చెప్పేవాడు ఆ తగువు ఎందుకొచ్చిందో వివరించకుండా యుద్ధంలోకి పోడు.

చేర్యాలకు దూరం కాని బైరాన్‌పల్లిలో ఒక బురుజు ఉంది. 1948లో ఆ ఊరి జనం దానిమీద కాపలా కాసి, వడిసెలలతో, నాటు తుపాకులతో రజాకార్లను పలుమార్లు తిప్పికొట్టారు. ఆగస్టు 27న సైన్యం తోడుగా వచ్చిన రజాకార్లు ఊరిమీద పడ్డారు. చనిపోయినవారి సంఖ్యను వంద దాకా అని కొందరు, అంతకు మించి అని కొందరు చెబుతారు. మరో మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. బైరాన్‌పల్లిలో చచ్చిన వారెవరూ అదే ముఖంతో తిరిగిరాలేదు. అయినా ఊరు వాళ్లను అమరులనే అంటుంది. దొర కొడుకు కోసం కాక, తమ పిల్లలు దొర గడిలో వంగి నిలబడకుండా ఉండటం కోసం వాళ్లు నిలబడ్డారు.

అభిమాని ప్రశ్న అడగగలడని ఆ ఇరవై రెండు నెలలు రుజువు చేశాయి. అది చిన్న శక్తి కాదు. విమర్శకుడు చేయవలసింది దాన్ని వెక్కిరించడం కాదు, చాయ్ హోటల్లో అతని పక్కనే కూర్చుని తరువాతి ప్రశ్న వేయడం: కట్టప్పకు కొడుకు ఉంటే, వాడు కూడా ఆ సింహాసనానికి బానిసేనా?