ఒడ్డు ఎక్కడ? నీటి పక్కన ఇల్లు: అపోహలు – వాస్తవాలు

ఎండాకాలంలో సోమశిల వెళ్లి స్థలం చూసినవాళ్లకు కృష్ణ ఎక్కడో దూరంగా, పల్లంలో కనిపిస్తుంది. శ్రీశైలం జలాశయం తగ్గి, నది అవతల సప్తనదీ సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడి ఉంటుంది. వానలు పడ్డాక మళ్లీ వెళితే గుడి మాయం. ఎండాకాలంలో మేకలు మేసిన చోట పుట్టి తిరుగుతుంటుంది. కొల్లాపూర్, వనపర్తి, గద్వాల వైపు నీటి పక్కన ఇల్లు, దాని పక్కన చుట్టాలకో అతిథులకో రెండు గదులు కట్టాలనుకునేవాళ్లు ముందుగా ఎలివేషన్ బొమ్మలు చూపిస్తారు. ఒడ్డు ఎక్కడుందని అడిగితే మాత్రం చెయ్యి చాపి గాల్లోకి చూపిస్తారు.

"నీళ్లున్నంత వరకే చెరువు, ఆరిన నేల మనదే"

చెరువు హద్దు ఈరోజు నీళ్లు నిలిచిన చోటు కాదు. అలుగు పారేంత నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా తాకుతాయో అదీ హద్దు. దాన్నే పూర్తి నీటిమట్టం, ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ లోపలి భూమి శిఖం. శిఖం పట్టా ఉన్న రైతు నీళ్లు తగ్గాక పంట వేసుకోవచ్చు గానీ పునాది తీయడానికి ఆ పట్టా పనికిరాదు. హద్దు దాటాక కూడా వెంటనే కట్టడానికి లేదు. 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. నది అయితే మున్సిపాలిటీ లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు. 'లేక్ వ్యూ ప్లాటు' అమ్మేవాళ్ల కాగితంలో ఈ గీత ఉందా లేదా అన్నది మొదట చూడాలి. మధ్యవర్తి మాటతో సరిపెట్టుకోకుండా నీటిపారుదల, రెవెన్యూ శాఖలు ధ్రువీకరించిన హద్దు తీసుకోవాలి.

"నియమం ప్రకారం దూరం వదిలాం, ఇక భయం లేదు"

నియమం దూరాన్ని అడ్డంగా కొలుస్తుంది, వరద నిలువుగా లేస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే. శ్రీశైలం జలాశయం పూర్తిమట్టం 885 అడుగులు. 2009 అక్టోబరు వరదలో అది 896 అడుగులు దాటింది. అంటే 885 గీత మీద ఎవరైనా ఇల్లు కట్టి ఉంటే ఆ రోజు ఆ ఇంటి నేల మీద 11 అడుగుల నీళ్లు. తుంగభద్ర ఒడ్డున రాజోలి, కృష్ణ–తుంగభద్రల నడుమ అలంపూర్ ఆ వరదను మరిచిపోలేదు. నేల బాగా సమతలంగా ఉన్నచోట 100 మీటర్లు వెనక్కి జరిగినా ఒక్క అడుగు ఎత్తు కూడా కలిసిరాకపోవచ్చు. కాబట్టి ఆర్కిటెక్టు కన్నా ముందు లెవెల్ సర్వే చేసేవాణ్ని పిలవాలి. ఆ ఊళ్లో 2009లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడగాలి. ఏ గోడకు మరక పడిందో వాళ్లే చూపిస్తారు.

"పాత చెరువు కట్ట, ఏమీ కాదు"

మదనాపురం మండలంలోని సరళాసాగర్ జలాశయం 1959లో పూర్తయింది. మట్టం దాటితే గేట్లెత్తే మనిషి లేకుండానే సైఫన్లు తమంతట తామే నీళ్లను బయటికి లాగేసే ఏర్పాటు దానిది. చూడ్డానికి వింతే. 2019 డిసెంబరు 31న ఆ కట్టే తెగింది. కట్ట దిగువన, అలుగు వాగు పక్కన కట్టుకునేవాళ్లు చెరువు అందం కన్నా ఈ తేదీని గుర్తుపెట్టుకోవడం మంచిది.

"చెరువు వైపు గోడంతా అద్దమే ఉండాలి"

ఊటీలోనైతే సరే. కొల్లాపూర్, వనపర్తి, గద్వాల మూడూ సుమారు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అంటే ఉత్తరపు కిటికీకి ఎండ రాదన్న ధీమా కూడా వేసవిలో చెల్లదు. చెరువు పడమట ఉంటే ఇంకా కష్టం. సాయంత్రపు ఎండ చూరు కిందనుంచి నేరుగా దూరి వస్తుంది, నీటి మీద పడి తిరిగి పైకి కొడుతుంది. ఆ రెండోదాన్ని ఎంత పొడుగు సన్‌షేడ్ వేసినా ఆపలేం. లోతైన వరండా, దాని ముందు జాలీ, వెదురు తడికె, నాలుగు చెట్లు ఉండాలి. చూపు తెగదు, వేడి తగ్గుతుంది. పాలమూరు మట్టి మిద్దెలకు మందపాటి గోడలు, చిన్న కిటికీలు, పైన చౌడు పరిచిన కప్పు ఎందుకుండేవో ఆ ఎండలో నిలబడితే తెలుస్తుంది. పడమట నీళ్లుంటే ఇల్లు కలిసిరాదంటారు కొందరు. కలిసిరానిది ఎండ అని నా అనుమానం.

"నీటి పక్క నేల ఎప్పుడూ తడే, బీటలు వేయదు"

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. మట్టం ఏటా పెరిగి తగ్గే చోట ఈ కదలిక మరింత ఎక్కువ. అలాంటి నేలలో మామూలు పునాది వద్దు. లోతుగా దిగి, అడుగున బల్బులా లావెక్కే అండర్ రీమ్డ్ పైల్స్ గురించి ఇంజినీరును అడగండి.

"అతిథి గదులు నీళ్లను ఆనుకుని ఉంటేనే విలువ"

నీటి దగ్గర విడిది వనపర్తి సంస్థానం వాళ్లకు పాత సంగతే. శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం ఒడ్డున రంగనాయకస్వామి గుడి, గుడికి వచ్చిన రాజకుటుంబం దిగడానికి దగ్గర్లోనే కృష్ణవిలాస్ అనే విడిది. అయితే నీళ్లను ఆనుకునే ఉండాలనేం లేదు. శ్రీలంకలో ఆర్కిటెక్టు జెఫ్రీ బావా 1948లో కొన్న లునుగంగా తోటలో ఇల్లు సరస్సును ఆనుకుని ఉండదు, మిట్ట మీద ఉంటుంది. ఎదురుగా ఉన్న గుట్ట అడ్డొస్తోందని ఆయన ఇల్లు ముందుకు జరపలేదు, గుట్టను తగ్గించాడు. అతిథుల గదులు తోటలో విడివిడిగా ఉంటాయి. ఎవరి చూపు వారిది, ఎవరి నిద్ర వారిది.

ఆ గదుల్ని అద్దెకిస్తే లెక్క మారుతుంది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో 1 నుంచి 6 గదుల వరకే అనుమతి, యజమాని కుటుంబం అక్కడే ఉండాలి. హైదరాబాద్‌లో ఉండి తాళాలు వాచ్‌మన్‌కు అప్పగిస్తే అది హోమ్‌స్టే కిందికి రాదు.

ఇక ఎవరూ అడగని విషయం సెప్టిక్ ట్యాంకు. వారం మొత్తం ఇద్దరుండి, ఆదివారం 12 మంది దిగే ఇంటికి దాన్ని 12 మందికి లెక్కేసి కట్టాలి, అదీ చెరువుకు ఎడంగా, ఇంటి వెనక. అటు వాలు దొరక్కపోతే చిన్న పంపు పెట్టుకోవాలి. వాలు సహజంగా చెరువు వైపే ఉంటుంది, అందుకే మేస్త్రీలు గొయ్యి అటే తవ్వుతారు.