స్టౌట్ బీరులో చాకొలెట్ రుచి: కోకో గింజ కిణ్వన ప్రభావం

స్టౌట్ అనగా బాగా వేయించిన బార్లీతో తయారయ్యే నల్లని బీరు. బ్రిటన్, ఐర్లండ్ దేశాలకు చెందిన ఈ పానీయాన్ని ఇంటివద్ద తయారు చేసుకొనే అలవాటు బ్రిటన్‌లో 1963లో లైసెన్సు నిబంధన తొలగిన తరువాత, అమెరికాలో 1978 నాటి చట్టంతో విస్తరించింది. తెలుగు రాష్ట్రాలలో అనుమతి లేకుండా బీరు తయారుచేయడం ఆబ్కారీ చట్టరీత్యా నేరం. అయినప్పటికీ కోకో సాగుపై పనిచేసేవారు ఈ తయారీని గమనించదగిన కారణం ఒకటున్నది. మిఠాయి చాకొలెట్‌లో గింజ లోపాలను చక్కెర, పాలపొడి కొంతవరకు కప్పివేస్తాయి. స్టౌట్‌లో ఆ ముసుగు పలుచన.

స్టౌట్‌కు చాకొలెట్ వాసన మొదట ఇచ్చేది కోకో కాదు, మాల్టు. 1817లో ఇంగ్లండులో డేనియల్ వీలర్ మాల్టును వేయించే తిరుగుడు పీపాకు పేటెంటు పొందిన నాటినుండి నల్ల మాల్టుల వాడకం పెరిగింది. ‘చాకొలెట్ మాల్ట్’ అనే రకంలో కోకో లవలేశమైనా ఉండదు. దానిని 200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేయిస్తారు కనుక ఆ రంగు, ఆ పేరు వచ్చాయి. వేయించేటప్పుడు అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి జరిపే మెయిలార్డ్ చర్యలో పైరజీన్లు ఏర్పడతాయి. కోకో గింజను వేయించినపుడు జరిగేదీ ఇదే. రెండు రుచులు తేలికగా కలిసిపోవడానికి మూలం ఈ బంధుత్వమే.

అసలు కోకోను చేర్చడంలో చిక్కు కొవ్వుతో వస్తుంది. ఎండిన గింజ పలుకులో దాదాపు సగం కోకో వెన్నే. బీరు నురగను నిలిపే ప్రోటీన్ పొరను కొవ్వు చెదరగొడుతుంది. నిలవలో ఆక్సీకరణ చెంది పాత వాసననూ తెస్తుంది. కాబట్టి చాకొలెట్ బిళ్ళను కరిగించి పోయడం సరైన పద్ధతి కాదు. కొవ్వు తగ్గించిన కోకో పొడిని మరుగు చివరి 5 నుంచి 10 నిమిషాలలో వేయవచ్చు గాని, అందులో చాలా భాగం మడ్డిగా అడుగుకు చేరుతుంది, సువాసన కొంత ఆవిరితో పోతుంది.

ఇంటి తయారీదారులు ఎక్కువగా మెచ్చేది పొట్టు తీసిన పలుకులను వాడే పద్ధతి. 20 లీటర్ల స్టౌట్‌కు 100 నుంచి 200 గ్రాముల పలుకులను తేలికగా వేయించి, మునిగేంత వోడ్కాలో కొద్దిరోజులు నానబెడతారు. మద్యం పలుకులపై ఉన్న సూక్ష్మజీవులను చాలావరకు అణచివేసి, సువాసనను లాగుతుంది. ప్రధాన కిణ్వనం ముగిసిన తరువాత దీనిని బీరులో చేర్చి, వారం రోజులపాటు రోజూ రుచి చూస్తూ, చాలుననిపించగానే పలుకులనుండి వేరుచేస్తారు. కోకో వెన్న కరిగేది సుమారు 34 డిగ్రీల వద్ద. 20 డిగ్రీల బీరులో అది చాలావరకు గట్టిగానే ఉండిపోతుంది. మరిగే రసంలో పలుకులు వేస్తే ఈ సౌలభ్యం ఉండదు.

రుచిలో తీపి కూడా చూసుకోవాలి. ఈస్ట్ చక్కెరను తినివేసిన తరువాత మిగిలేది కోకో చేదే, థియోబ్రోమిన్ దానికి తోడు. అందుకే హాప్స్ తగ్గిస్తారు. మాల్టును 67, 68 డిగ్రీల వద్ద నానబెట్టి పులియని డెక్స్‌ట్రిన్లను నిలుపుతారు. లేదా సాధారణ బీరు ఈస్ట్ పులియబెట్టలేని లాక్టోజ్‌ను కలుపుతారు.

ఇంత జాగ్రత్త పడినా, తోటలో జరిగిన తప్పును తయారీదారు దిద్దలేడు. కాయ పగులగొట్టిన తరువాత గుజ్జులోని చక్కెరను ఈస్ట్‌లు మద్యంగా, ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియా ఆ మద్యాన్ని ఆమ్లంగా మారుస్తాయి. రాశి 45 నుంచి 50 డిగ్రీల వరకు వేడెక్కి, మొలక చనిపోతుంది. అప్పుడు గింజలోని ప్రోటీన్లు పెప్టైడ్‌లుగా, అమైనో ఆమ్లాలుగా, సుక్రోజ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతాయి. వేయించినపుడు చాకొలెట్ వాసనగా మారే ముడిసరుకు ఇదే. పులియని గింజలో ఇది కొరవడుతుంది కనుక ఎంత వేయించినా వగరే మిగులుతుంది.

గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలలో అంతరపంటగా పండే కోకోకు ఈ దశ కీలకం. రాశి మరీ చిన్నదైతే వేడి నిలవదు. అటువంటి రైతులు గింజలను ఒకచోట చేర్చి పులియబెట్టడం మేలు. 5 నుంచి 7 రోజుల కిణ్వనంలో గింజలను మధ్యమధ్య తిరగవేయకపోతే గాలి అందక కిణ్వనం అసమానంగా సాగుతుంది. మరీ వేగంగా ఆరబెడితే ఆమ్లం లోపలే చిక్కి పులుపు మిగులుతుంది. తేమ 7 శాతానికి దిగకపోతే బూజు పడుతుంది. వానకాలంలో కట్టెల పొగ తగిలిన గింజ వాసన స్టౌట్‌లోనూ తెలిసిపోతుంది.

పరీక్షకు చాకు చాలు. ఎండిన గింజలు కొన్నిటిని నిలువునా కోసి చూస్తే, బాగా పులిసిన గింజ లోపల గోధుమరంగులో, పగుళ్ళతో కనిపిస్తుంది. సగం పులిసినది ఊదారంగులో ఉంటుంది. పులియనిది పలకరంగులో, గట్టిగా ఉంటుంది. బస్తా అమ్మకానికి వెళ్ళకముందే, రైతు ఎదుటనే చేయదగిన పరీక్ష ఇది.