బిగిసిన క్రాంక్ షాఫ్టు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై సూర్యాపేట ఇంచుమించుగా నడిమి మజిలీ. అక్కడి నుండి కోదాడ వరకు బాట ప్రక్కన మరమ్మతు షెడ్లు, లేతు మిషను దుకాణములు కనిపించుచుండును. ఈ ప్రాంతమున ఒక కుటుంబము తండ్రిగారి అంబాసిడర్ కారును అమ్మక జ్ఞాపకముగా నిలుపుకొన్నదనుకొందము. ఇంటిలో పెండ్లి నాటికి బండి నడువవలెనని ఇంజను విప్పించినారు. క్రాంక్ షాఫ్టు గ్రైండింగునకు పోయి వచ్చినది. క్రొత్త బేరింగులు వచ్చినవి. బోల్టులన్నియు బిగించి చేతితో త్రిప్పబోగా షాఫ్టు కదలదు. బలముగా లాగినచో అంగుళము తిరిగి మరల పట్టుకొనును.

అట్టి వేళ షెడ్డులో ఎవరో ఒకరు, "ట్రాక్టరుకు కట్టి లాగితే అదే అరిగి దారికొస్తుంది సార్" అని సలహా చెప్పుదురు. పెండ్లి దగ్గరపడిన గృహస్థునకు ఆ మాట రుచించును. ఆ పని ఎందుకు చేయరాదో, దానికి మారుగా ఏమి చేయవలెనో ఈ ప్రసంగమున మనవి చేయుదును.

పిస్టనులు పైకిని క్రిందికిని ఆడుచుండగా, ఆ కదలికను చక్రములను త్రిప్పు గతిగా మార్చునది క్రాంక్ షాఫ్టు. అంబాసిడర్ కార్లలో పెక్కేండ్లు వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో సిలిండర్లు నాలుగు, షాఫ్టును మోయు మెయిన్ బేరింగులు మూడు. బేరింగులో కూర్చుండు షాఫ్టు భాగమును జర్నల్ అందురు. దాని వ్యాసము రెండంగుళములు. చంద్రవంకల వలె రెండు సగములుగా వచ్చు పలుచని బేరింగు రేకులు షెల్లులు. పై సగము ఇంజను బ్లాకులోను, క్రింది సగము క్యాపులోను కూర్చుండును.

జర్నలుకును షెల్లుకును నడుమ నూనె పొర నిలుచుటకు కొంచెము సందు కావలెను. వ్యాసము అంగుళమైనచో సందు అంగుళములో వేయవ వంతు ఉండవలెనని పనివారి మోటు లెక్క. ఈ వేయవ వంతునే షెడ్లలో "థౌ" అందురు. కనుక రెండంగుళముల జర్నలునకు సందు రెండు థౌలు. మనము వ్రాసుకొను కాగితము మందము దాదాపు నాలుగు థౌలుండును. అనగా ఈ సందు కాగితపు మందములో సగము! షెల్లు వెనుక ఒక ఇసుక రేణువు చిక్కినను, గ్రైండింగు పొడి మిగిలినను ఆ సందు పూడిపోవునని దీనివలన తెలియును.

మరి లోపము ఎక్కడ నున్నదో కనుగొనుట ఎట్లు? మొదట పిస్టనులను, కనెక్టింగ్ రాడ్లను ప్రక్కకు పెట్టి షాఫ్టును ఒంటరిగా పరీక్షింపవలెను. బ్లాకులోని గూళ్లను, షెల్లుల వెనుక భాగమును నూనె తడి లేకుండ తుడిచి, లోపలి ముఖములకు మాత్రము శుభ్రమైన నూనె రాసి షాఫ్టును పరుండబెట్టవలెను. క్యాపులు లేకయే అది సులభముగా తిరుగవలెను. పిదప నడిమి క్యాపు నొక్కదానిని తయారీదారు చెప్పిన బిగువునకు బిగించి త్రిప్పవలెను. తిరిగినచో దానిని వదులు చేసి ముందరి క్యాపు, ఆ తరువాత వెనుక క్యాపు. ఏ క్యాపు బిగింపగా షాఫ్టు పట్టుకొన్నదో, దొంగ అక్కడనే దాగియున్నాడు.

అప్పుడా చోట చూడవలసినవి నాలుగు. ఒకటి, షెల్లు వెనుక మురికి. రెండు, షెల్లు సైజు. షాఫ్టును పది థౌలు అరుగదీసి ఇరువది సైజు షెల్లు వేసినచో అది తప్పక పట్టుకొనును. మూడు, క్యాపు తారుమారు. బ్లాకుతో కలిపి ఒక్క వరుసలో బోరు చేసినందున ప్రతి క్యాపునకు దాని చోటు, దాని దిక్కు నిర్ణయమై యుండును. విప్పుటకు ముందే పంచుతో చుక్కలు పెట్టుకొనని వారు ఇక్కడ చిక్కుపడుదురు. నాలుగు, జర్నలు అంచు మూల. అక్కడి గుండ్రని వంపును గ్రైండింగువారు ఎక్కువగా వదలినచో షెల్లు అంచు దానిపైకెక్కును.

ఒక్కొక్క క్యాపుతో చక్కగా తిరిగి, మూడును బిగింపగానే పట్టుకొన్నదనుకొందము. అప్పుడు షాఫ్టు వంగియుండవచ్చును, లేదా ఒకప్పుడు బాగుగా వేడెక్కిన బ్లాకు వంకరపోయి యుండవచ్చును. షాఫ్టును రెండు చివరల ఆనించి డయల్ గేజీతో నడుమ కొలిచినచో వంపు తేలిపోవును. నెలల తరబడి గోడకు చేరవేసిన షాఫ్టు వంగుటకు అవకాశము కలదు. దానిని నిటారుగా నిలుపుట మేలు.

షాఫ్టు ముందు వెనుకలకు జరుగుటకును రవంత చోటు ఉండవలెను. ఈ ఇంజనులో రెండు మూడు థౌలు. ఆ జరుగుబాటును అదుపులో నుంచు అర్ధచంద్రాకారపు వాషర్లు నడిమి బేరింగునకు ఇరుప్రక్కల నుండును. వాటి నూనె గాళ్లు షాఫ్టు వైపునకు తిరిగియుండవలెను. తిరుగవేసినచో నూనె అందక త్వరలో అరిగిపోవును.

షాఫ్టు ఒంటరిగా స్వేచ్ఛగా తిరిగిన పిదపనే పిస్టనులను ఒక్కొక్కటిగా ఎక్కించి, ప్రతిసారి త్రిప్పి చూడవలెను. క్రొత్త రింగుల రాపిడి వలన కొంత బరువు తోచుట సహజము. ఆ బరువు చుట్టంతయు ఒకే తీరుగా నున్నచో భయము లేదు. ఒక చోట మాత్రము గట్టిగా తగిలినచో చివర ఎక్కించిన రాడ్డును విప్పి చూడవలెను.

ఇక ట్రాక్టరు సలహా. షెల్లు లోపలి లోహము మెత్తనిది. నూనె పొర లేక లాగినచో అది వేడెక్కి, కరగి, జర్నలుకు అంటుకొని గీతలు పెట్టును. షాఫ్టు మరల గ్రైండింగునకు పోవలసినదే. సాధారణముగా పది, ఇరువది, ముప్పది, నలువది థౌల సైజుల వరకే షెల్లులు దొరకును. అనగా షాఫ్టు ఆయుర్దాయము నాలుగు మెట్లు. ఒక్క తొందరపాటుతో ఒక మెట్టు, ఒక్కొక్కప్పుడు రెండు మెట్లు ఖర్చగును. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయినది. కావున చేతిలోనున్న షాఫ్టును మించిన షాఫ్టు ఇక రాదని తలంచుటయే వివేకము. క్యాపు క్రింద కాగితము పెట్టి సందు కల్పించుటయు ఇట్టి పనియే. నేటికి తిరుగును, రేపు బాటలో నూనె ఒత్తిడి పడిపోవును.

ఇంజను విప్పుట అందరికిని తెలియనక్కరలేదు. బండి యజమాని మూడు ప్రశ్నలడిగిన చాలును: క్యాపులకు గుర్తులు పెట్టినారా? షాఫ్టు సైజు, షెల్లు సైజు కొలిచి సరిచూచినారా? క్యాపులను ఒక్కొక్కటిగా బిగించి త్రిప్పి చూచినారా? మిర్యాలగూడ చేల గట్లపై నీరు తోడు ఆయిలు ఇంజనుకైనను కొలతలు వేరగునే గాని, ఈ ప్రశ్నలు పనికివచ్చును. వీటికి జవాబు దొరకుటకు ఒక పూట పట్టవచ్చును. పెండ్లి ఊరేగింపులో బండి నడుమ ఆగిపోకుండుటకు ఆ పూట పెద్ద వెల కాదు.