బడిలో గ్లాసెడు పాలు: కాచేది పెద్దలు, అందరికీ చేర్చేది పిల్లలు

"డాక్టరుగారూ, వీడు పొద్దున ఏమీ తినడండీ. ఖాళీ కడుపుతోనే బడికి పరుగెడతాడు. బలానికి ఏదైనా టానిక్ రాయండి." పిల్లల ఓ.పి.లో తల్లులు తరచుగా అనే మాట ఇది. ఇలాంటి పిల్లవాడికి చాలాసార్లు కావలసింది టానిక్ సీసా కాదు, పొద్దునపూట కడుపులో పడే కాస్త ఆహారం. బడిలోనే గ్లాసెడు పాలు ఇచ్చే ఏర్పాటు ఉంటే ఆ లోటు కొంతైనా తీరుతుంది.

ఇలాంటి ఏర్పాటు చేయాలని కొన్ని బళ్ళవారు, సంఘాలవారు, పూర్వ విద్యార్థులు ముందుకు వస్తుంటారు. డబ్బు పోగవుతుంది, పాలు పోసేవారు కుదురుతారు. చిక్కంతా రోజువారీ పనిలో వస్తుంది. ఇద్దరు టీచర్లు, వందమందికి పైగా పిల్లలు. కాచాలి, పొయ్యాలి, గ్లాసులు కడగాలి, లెక్క రాయాలి. అప్పుడు ఎవరో ఒకరు "పెద్ద క్లాసు పిల్లల్ని పెట్టేద్దాం" అంటారు. అది మంచి ఆలోచనే. అయితే ఏ పని పిల్లలకు ఇవ్వవచ్చు, ఏ పని ఇవ్వకూడదు అనేది ముందే తేల్చుకోకపోతే మేలు చేయబోయి కీడు చేసినట్లవుతుంది. ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

గ్లాసెడు పాలలో ఏముంది?

150 మిల్లీలీటర్ల పాలలో సుమారు 5 గ్రాముల మాంసకృత్తులు, 180 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 7 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు రోజుకు 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. అంటే ఆ చిన్న గ్లాసుతోనే నాలుగోవంతుకు పైగా అందుతుంది. బి-12 విటమిను కూడా పాలలో ఉంది.

పాలలో లేనిది కూడా తెలుసుకోవాలి. పాలలో ఇనుము బహు తక్కువ. పైగా పాలతోపాటు ఐరన్ మాత్ర వేసుకుంటే ఒంటికి పట్టే ఇనుము తగ్గుతుంది. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రను (చిన్న తరగతులకు గులాబీరంగు, 6వ తరగతి నుంచి నీలంరంగు) మధ్యాహ్న భోజనం తర్వాత ఇచ్చి, పాలు పొద్దునపూట ఇస్తే రెండూ పనిచేస్తాయి. పాలు భోజనానికి తోడేగాని భోజనానికి బదులు కాదు.

పిల్లల సాయం కొత్తదేమీ కాదు

బ్రిటన్‌లో 1946 నుంచి బడిపిల్లలందరికీ రోజూ ఉచితంగా పాలు ఇచ్చేవారు. ఒక్కొక్కరికి పింటులో మూడోవంతు, అంటే సుమారు 190 మిల్లీలీటర్ల సీసా. సీసాల పెట్టెను తరగతిలోకి తేవడం, పంచడం, ఖాళీ సీసాలు వెనక్కి చేర్చడం 'పాల మానిటర్లు' అనే విద్యార్థుల పని. పెద్ద పిల్లల బళ్ళలో 1968లోను, 7 ఏళ్ళు దాటినవారికి 1971లోను అక్కడి ప్రభుత్వం ఆ పాలు ఆపివేసింది. కాని ఆనాటి పిల్లలు ముసలివారయ్యాక కూడా తాము పాల మానిటర్లుగా ఉన్నామని గర్వంగా చెప్పుకునేవారు.

జపాను బళ్ళలో మధ్యాహ్న భోజనంతోపాటు మామూలుగా 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. పిల్లలే వంతులవారీగా తెల్లకోటు, టోపీ, మాస్కు వేసుకుని తోటివారికి వడ్డిస్తారు. వండేది మాత్రం పెద్దవాళ్ళే.

మన పొరుగున కర్ణాటకలో 2013 ఆగస్టు 1న 'క్షీరభాగ్య' పథకం మొదలైంది. బళ్ళారి, కోలారు వైపు ఉన్న మన బంధువుల పిల్లలలో చాలామంది ఆ పాలు తాగినవారే. ఒక్కొక్కరికి 18 గ్రాముల పాలపొడితో 150 మిల్లీలీటర్ల పాలు. మొదట్లో వారానికి 3 రోజులు ఇచ్చారు, 2017 నుంచి 5 రోజులు చేశారు. ఆంధ్రప్రదేశ్ బళ్ళలో 2023 మార్చిలో రాగిజావ మొదలుపెట్టారు. పాలైనా, జావైనా ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తలు రెంటికీ వర్తిస్తాయి.

పెద్దలు మాత్రమే చేయవలసిన పనులు

1. పొయ్యి దగ్గర పని. కాచడం, వేడి గిన్నె దించడం, మోయడం ఎన్నడూ పిల్లలకు అప్పగించకండి. మరిగిన పాలు పిల్లల లేత చర్మాన్ని క్షణంలో కాలుస్తాయి. పొరపాటున ఒలికితే కాలిన చోట 20 నిమిషాలపాటు మామూలు చల్లటి నీళ్ళు ధారగా పోసి ఆసుపత్రికి తీసుకురండి. ఐస్, టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ పెట్టవద్దు.

2. పాలు మంచివో కావో చూడడం. ప్యాకెట్ ఉబ్బిందా, తేదీ దాటిందా, వాసన తేడాగా ఉందా చూడాలి. అనుమానముంటే ముందు కొంచెం వేరే గిన్నెలో కాచి చూడండి. విరిగితే వాడకండి. పాలపొడి అయితే కాచిన శుభ్రమైన నీళ్ళలోనే కలపాలి. కొంచెం గోరువెచ్చటి నీళ్ళలో ముందు ముద్దలా కలుపుకుని తర్వాత మిగతా నీళ్ళు పోస్తే ఉండలు కట్టదు.

3. రుచి చూడడం. పిల్లలకు పోయకముందు ఒక టీచరు, ఇంకొక పెద్దమనిషి తాగి చూడాలి. మధ్యాహ్న భోజనానికి ఉన్న నియమమే పాలకూ పాటించండి.

4. సమయం చూడడం. కాచిన పాలు తాగే వేడికి చల్లారగానే పంచాలి. మన ఎండల్లో మామూలు పాలను గంటకు మించి బయట ఉంచవద్దు. మిగిలినవి సాయంత్రానికి దాచవద్దు, సీసాల్లో పోసి ఇళ్ళకు పంపవద్దు.

"మళ్ళీ ఒకసారి మరగబెడితే సరిపోదా?" అని కొందరు అడుగుతారు. సరిపోదు. చేతిమీది పుండ్లలో, ముక్కులో ఉండే ఒక రకం క్రిములు గోరువెచ్చటి పాలలో పెరిగి విషపదార్థాన్ని వదులుతాయి. తర్వాత ఎంత కాచినా క్రిములు చస్తాయిగాని ఆ విషం పోదు. తాగిన కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి.

పిల్లలు చక్కగా చేయగల పనులు

పై తరగతుల పిల్లలు 8 లేక 10 మంది ఉంటే వందమందికి పాలు సాఫీగా అందుతాయి. పనులను ఇలా పంచవచ్చు.

లెక్క: ప్రార్థన అయిన వెంటనే ఇద్దరు తరగతి తరగతికి వెళ్ళి హాజరు తెస్తారు. 120 మంది వచ్చారనుకోండి. తలకు 150 మిల్లీలీటర్ల చొప్పున 18 లీటర్ల పాలు కావాలి. పాలపొడి అయితే తలకు 18 గ్రాముల చొప్పున 2 కిలోల 160 గ్రాములు. ఈ లెక్క పిల్లలే వేసి టీచరుకు చూపిస్తే అటు లెక్కల పాఠమూ అవుతుంది, ఇటు పాలు పల్చబడడం, మిగిలిపోవడం కూడా తప్పుతుంది.

చేతులు: పిల్లలకు అప్పగించే పనులన్నిటిలో ముఖ్యమైనది ఇదే. కుళాయి దగ్గర ఇద్దరు నిలబడి, ప్రతి ఒక్కరూ సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకునేట్లు చూస్తారు. టీచరు చెబితే తలూపి వెళ్ళే చిన్నపిల్లలు 7వ తరగతి అక్క చెబితే నిజంగానే కడుక్కుంటారు.

వరుస, వడ్డన: గోరువెచ్చగా చల్లారిన పాలను చిన్న జగ్గులలోకి పెద్దలు పోసి ఇవ్వాలి. పిల్లలు కొలత గ్లాసుతో పోస్తారు. చిన్న తరగతులకు ముందు ఇవ్వాలి. అందరికీ ఒకటే కొలత.

గ్లాసులు: ఎవరి గ్లాసు వారు కడుక్కోవాలి. సరిగా కడిగారో లేదో వాలంటీర్లు చూస్తారు. పెద్ద గిన్నెలు తోమడం, బిందెలతో నీళ్ళు మోయడం వారి పని కాదు.

పుస్తకం: ఎంతమంది వచ్చారు, ఎంతమంది తాగారు, ఎన్ని పాలు మిగిలాయి, ఎవరికైనా బాగాలేదా. ఈ నాలుగూ రోజూ రాయాలి. వారం తిరిగేసరికి ఆ పుస్తకం చాలా సంగతులు చెబుతుంది. సోమవారం 3వ తరగతిలో ఎక్కువమంది ఎందుకు వదిలేశారు? అడిగితే "మీగడ తేలింది, అందుకే" అని తేలవచ్చు. వడగట్టి ఇస్తే సరి.

ఈ పనంతా అరగంటలో అయిపోవాలి. పాఠం పోగొట్టుకునే సేవ సేవ కాదు.

వాలంటీర్లను ఎంచడంలో జాగ్రత్త

బాగా చదివేవారినో, టీచర్లకు దగ్గరివారినో ఎంచితే మిగిలినవారు చిన్నబుచ్చుకుంటారు. హాజరుపట్టీ వరుస ప్రకారం, వారానికొక జట్టు చొప్పున మార్చండి. ఇష్టంలేని పిల్లను బలవంతపెట్టకండి. కడగడం ఆడపిల్లలకు, లెక్కలు మగపిల్లలకు అని విడదీయకండి.

ఇంకొక మాట కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఫలానావారి పిల్ల పోస్తే మా పిల్ల తాగదు అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. టీ కొట్లలో వేరు గ్లాసులు పెట్టిన రోజులు మన పెద్దలు చూసినవే. బడిలో ఆ జాడ రాకూడదు. హాజరుపట్టీ వరుస ఎవరికీ మినహాయింపు లేకుండా నడిస్తే, ఈ వారం నేను పోసిన పాలు నువ్వు తాగుతావు, వచ్చే వారం నువ్వు పోసినవి నేను తాగుతాను. చిన్నప్పుడు అలవాటైన ఈ పద్ధతి పెద్దయ్యాక కూడా మనసులో నిలుస్తుంది.

ఆరోగ్యం విషయంలో మాత్రం మినహాయింపు తప్పదు. విరేచనాలు, వాంతులు అయినవారు తగ్గిన తర్వాత కూడా 2 రోజులు వడ్డనకు రాకూడదు. చేతిమీద చీముపట్టిన పుండు ఉన్నవారు, జలుబు, దగ్గు ఉన్నవారు ఆ వారం పుస్తకం పని చూసుకోవచ్చు. కాచే పెద్దలకూ ఇదే నియమం.

పిల్లలు "బాగాలేదు" అంటే ఆపండి

2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షల్లో తేలింది. కూర రుచి తేడాగా ఉందని పిల్లలు అన్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. పత్తికి, మిరపకు కొట్టే మందులు మన పల్లెల్లోనూ ఇంటింటా ఉంటాయి. మందు డబ్బాలను, వాటి పక్కన ఉంచిన పాత్రలను పాలకు, నీళ్ళకు వాడకండి. ఎంత కాచినా పురుగుమందు పోతుందన్న నమ్మకం లేదు.

కాబట్టి వాలంటీర్లకు మొదటి రోజే ఒక అధికారం ఇవ్వండి. వాసన, రంగు, రుచి ఏది తేడాగా ఉన్నా "ఆపండి" అని చెప్పే అధికారం. చెప్పిన పిల్లను ఎవరూ గద్దించకూడదు. పదిసార్లు ఉత్తిదే అయినా ఫరవాలేదు. ఒకపూట పాలు పారబోస్తే పోయేది కొన్ని రూపాయలే.

పాలు తాగని పిల్లలు

పాలు తాగితే కొందరికి కడుపు ఉబ్బరం, నొప్పి, పల్చటి విరేచనం వస్తాయి. పాలలోని చక్కెర వారికి సరిగా అరగదు. ఇది ప్రమాదమైన జబ్బు కాదు. ఏదైనా తిన్నాక సగం గ్లాసుతో మొదలుపెడితే చాలామందికి సరిపడుతుంది. పెరుగు, మజ్జిగ ఇంకా తేలిక.

పాల ఎలర్జీ వేరు. తాగిన కాసేపటికే ఒంటిమీద దద్దుర్లు, పెదవులు వాయడం, ఆయాసం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. అలాంటి పిల్లలకు ఒక్క గుక్క కూడా ఇవ్వకూడదు. వారి పేర్లు టీచరు దగ్గర, వాలంటీర్ల పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. పాలకు బదులు వేరుశనగ చిక్కీయో, అరటిపండో, వారికి పడేది ఏదైనా ఇవ్వండి.

వద్దన్న పిల్లను వరుసలో నిలబెట్టి, నలుగురిలో పేరుపెట్టి పిలిచి బలవంతంగా తాగించవద్దు. వాలంటీరు మెల్లగా పక్కన కూర్చుని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. కడుపునొప్పి అనుకున్నది పుప్పిపన్ను కావచ్చు, మీగడంటే అయిష్టం కావచ్చు. మనతో చెప్పని మాట పిల్లలు పిల్లలతో చెప్పుకుంటారు.

తల్లిదండ్రులు చేయగలిగింది

మీ పిల్లకు పాలు పడకపోతే మొదటి రోజే టీచరుకు చీటీ రాసి పంపండి. గ్లాసు మీద పేరు రాసి ఇవ్వండి. బడిలో పాలు ఇస్తున్నారు కదా అని ఇంట్లో పొద్దున తిండి మానిపించకండి. నెలలో ఒకరోజు వీలు చేసుకుని బడికి వెళ్ళి, కాచేచోట పెద్దమనిషిగా నిలబడి, రుచి చూసి, పిల్లల పుస్తకం ఒకసారి తిరగేయండి. మీ అమ్మాయి వాలంటీరుగా ఉన్న వారంలో "ఇవాళ ఎవరు తాగలేదు? ఎందుకట?" అని ఇంట్లో అడగండి. ఆ జవాబులోనే, ఖాళీ కడుపుతో బడికి వచ్చి ఎవరికీ చెప్పుకోని పిల్ల ఎవరో మీకు తెలియవచ్చు.