దిండు గలీబులో పుట్టిన యంత్రం

బిలాస్‌పూర్ రైల్వే కుటుంబాలకు వాక్యూమ్ అన్న మాట కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో ఆ మాట ముందు రైళ్లను ఆపే వాక్యూమ్ బ్రేకుగానే తెలుసు. రాజ్‌కిశోర్ నగర్‌లో మా ఇంటి మూలనున్న వాక్యూమ్ క్లీనర్‌ని నడిపించేది కూడా ఆ బ్రేకును నడిపిన శక్తే: బయటి గాలి ఒత్తిడి. లోపల ఫ్యాను గిర్రున తిరిగి గాలిని బయటికి నెట్టేస్తుంది. ఖాళీ అయిన చోటికి గది గాలి గొట్టంలోంచి ఉరుకుతుంది, దారిలో ఉన్న దుమ్మును ఈడ్చుకొస్తుంది.

మొన్న ఆదివారం మా పరుపు మీద ఆ గొట్టం నడిపి, యంత్రం సంచిని ఒక తడి పేపరు మీద మెల్లగా ఒంపాను. ఉతికిన దుప్పటి తీసిన పరుపే అది. చూస్తే, బూడిదరంగు దూది ఉండలా చిక్కుపడ్డ నూలుపోగులు, వెంట్రుకలు, వాటి మధ్య మైదాపిండిలా వేళ్లకంటుకునే పొడి. ఆ పొడిలో మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు కూడా ఉంటుంది. దాన్ని తిని బతికేది డస్ట్ మైట్. ఇది మనకు తెలిసిన నల్లి కాదు, సాలీడుకు దూరపు చుట్టం. మిల్లీమీటరులో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంటి దుమ్ములో అలర్జీ పుట్టించేది ఈ జీవేనని 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు తేల్చారు. మనల్ని తుమ్మించేది ముఖ్యంగా దాని రెట్టలోని ప్రొటీన్లు.

బొగ్గు గూడ్సులు రాత్రింబవళ్లు నడిచే ఊరు కదా, తుమ్ము వస్తే నెపం బొగ్గు మీదకి తోసేస్తాం. బొగ్గు పొడి గొంతును గరగరలాడించే మాట నిజమే. కానీ అలర్జీ రేపే ప్రొటీన్లు బొగ్గులో ఉండవు. అవి మన పరుపులో, సోఫాలో, కర్టెన్లలో, వంటింటి బొద్దింకల్లో ఉంటాయి.

ఈ దుమ్మును పీల్చే వాక్యూమ్ క్లీనర్ కథ 1901లో లండన్‌లో మలుపు తిరిగింది. కుర్చీల మీది దుమ్మును గాలితో ఊదే ఒక అమెరికన్ యంత్రాన్ని హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు చూశాడు. ఎగిరిన దుమ్ము మళ్లీ కుర్చీల మీదే పడుతోంది. ఊదే బదులు పీల్చకూడదా అని ఆయనకు తోచింది. ఒక హోటల్లో కూర్చుని, కుర్చీ మీద రుమాలు వేసి, నోరు ఆనించి గట్టిగా పీల్చాడు. ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. కానీ రుమాలు అడుగున దుమ్ము మచ్చ కట్టింది. ఆ ఏడే పేటెంటు తీసుకున్నాడు. ఆయన యంత్రం పెట్రోలు ఇంజనుతో నడిచేది. గుర్రపు బండి మీద వచ్చి వీధిలో ఆగేది, పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి ఇంట్లోకి వెళ్లేవి. 1902లో బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చి తివాచీలను శుభ్రం చేసింది అదే.

దాన్ని ఇంట్లో పట్టేంత చిన్నది చేసింది ఒక ఉబ్బసం రోగి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ ఊళ్లో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. తివాచీల దుమ్ముకు ఊపిరాడేది కాదు. 1907లో ఫ్యాను మోటారుకు చీపురు కర్ర తగిలించి, వెనక దుమ్ము పట్టడానికి దిండు గలీబు కట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని తోలు వస్తువుల వ్యాపారి విలియం హూవర్ కొని, ఇంటింటికీ చేర్చాడు. మన దేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ సేల్స్‌మన్లు తలుపు తట్టి, మన గదిలోనే నడిపి చూపించి దీన్ని అమ్మారు.

స్పాంగ్లర్ గలీబులో ఒక లోటు ఉంది. పెద్ద దుమ్ము ఆగేది, సన్నని పొడి నేతలోంచి మళ్లీ గదిలోకి వచ్చేది. దీనికి విరుగుడు వేరే చోట దొరికింది. 1940లలో అణుబాంబు పనిలో రేణువులను ఆపడానికి తయారైన వడపోత తర్వాతి కాలంలో హెపా ఫిల్టరుగా మారి ఇళ్లకు చేరింది. 0.3 మైక్రాన్ల రేణువులను సైతం నూటికి 99.97 వంతులు పట్టేస్తేనే దానికి ఆ పేరు.

మా అమ్మమ్మ నీళ్లు చిలకరించకుండా చీపురు పట్టేది కాదు. "పొడి నేల ఊడిస్తే దుమ్ము మన నెత్తికే ఎక్కుతుందే అమ్మా" అనేది. బూత్ రుమాలుతో తెలుసుకున్నది ఆమెకు కల్లాపి చల్లే చేతితోనే తెలుసు. శుభ్రం చేయడమంటే దుమ్మును పట్టుకోవడం. లేపి వదిలేస్తే అది మళ్లీ మన పక్కమీదికే దిగుతుంది.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు ముందు పైన బూజు, చివరికి నేల. అల్మరాలూ ఫ్యాను రెక్కలూ తడిగుడ్డతోనే తుడుస్తాం. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో నానబెట్టి ఉతుకుతాం. ఆ వేడికి పురుగు చస్తుంది, ప్రొటీనూ నీళ్లతో పోతుంది. పరుపు ఎండలో వేశాక కూడా యంత్రం పెట్టాలి, ఎందుకంటే చచ్చిన పురుగు వదిలిన రెట్ట అక్కడే ఉంటుంది. ఈ పురుగు నీళ్లు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. కాబట్టి కూలరు నడిచే గదిలో కిటికీ తెరిచి ఉంచాలి, వానాకాలంలో తడిబట్టలు పడకగదిలో ఆరేయకూడదు. శుభ్రం చేసేటప్పుడు లేచిన రెట్ట రేణువులు కిందికి దిగడానికి అరగంట దాకా పడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లను అంతవరకు ఆ గదిలోకి రానివ్వకండి.

యంత్రం కొనేటట్లయితే మోటారు వాట్లకన్నా ముందు ఫిల్టరు సంగతి అడగండి. కొనలేకపోతే బెంగ వద్దు, గచ్చు నేలకు తడిగుడ్డ చాలు. పిల్లవాడు రోజూ తెల్లవారుజామున తుమ్ముతున్నా, పిల్లికూతలతో ఊపిరి తీస్తున్నా డాక్టరుకు చూపించండి. ఆ రోజే వాడి దిండు గలీబు కూడా ఉతకండి.