పేరు ఎవరిది? - డీప్ పర్పుల్ బృందము కథ

పాశ్చాత్య సంగీత ప్రసారములను ఆలకించు శ్రోతలలో, హార్డ్ రాక్ అనగానే ధ్వని తగ్గించుటకై రేడియో మరవైపు చేయి చాపువారు కొందరు, అదే మరను మరికొంత త్రిప్పి ధ్వని పెంచువారు కొందరు. ఆ సంగీతమునకు రూపు దిద్దిన వారిలో ముఖ్యులైన డీప్ పర్పుల్ అను ఆంగ్ల బృందమును ఉభయులకును పరిచయము చేయుట మా ఉద్దేశము.

మొదట ఆ సంగీతమును గూర్చి రెండు మాటలు. ఎలెక్ట్రిక్ గిటారు నాదమును యాంప్లిఫయరు తాళగలిగిన మేరకు మించి పెంచినచో ధ్వని ఒరసికొని చీలినట్లు వినవచ్చును. రేడియోను అతిగా పెంచినప్పుడు కలుగు గరగర మనకు దోషము. ఆ గరగరనే గుణముగా గ్రహించి, దానితో సంగీతమును నిర్మించినవారు వీరు. నాలుగైదు స్వరముల చిన్న గుచ్ఛమును మన పల్లవివలె మరల మరల వాయించుట మరియొక లక్షణము. దానిని రిఫ్ అందురు.

1967 చివర లండనులో క్రిస్ కర్టిస్ అను డ్రమ్ము వాద్యకునకు ఒక వింత యోచన కలిగెను. నడుమ కొందరు స్థిరముగా నుండగా, తక్కిన వాద్యకులు రంగులరాట్నము మీదివలె ఎక్కుచు దిగుచు నుండవలెను. కనుకనే ఆ బృందమునకు రంగులరాట్నమను అర్థమిచ్చు 'రౌండబౌట్' అను పేరు పెట్టదలచిరి. టోనీ ఎడ్వర్డ్స్ అను వ్యాపారి ధనము సమకూర్చెను. విచిత్రమేమనగా, రాట్నము తిరుగకమునుపే దిగిపోయినవాడు కర్టిసే. మిగిలినవారు హామండ్ ఆర్గను వాయించు జాన్ లార్డ్, గిటారు వాయించు రిచీ బ్లాక్‌మోర్. వారితో బేస్ గిటారుకు నిక్ సింపర్, గానమునకు రాడ్ ఎవాన్స్, డ్రమ్ములకు ఇయన్ పేస్ చేరగా, 1968లో బృందము ఏర్పడెను. బ్లాక్‌మోర్ అవ్వకు ఇష్టమైన ఒక పాత పాట పేరే బృందమునకు పేరైనది.

ఆ సంవత్సరమే 'హష్' అను పాట అమెరికాలో నాలుగవ స్థానమును అందుకొనెను. స్వదేశము మాత్రము వీరిని పట్టించుకొనలేదు. తమకు కావలసిన బిగువు ఎవాన్స్ కంఠములో లేదని లార్డ్, బ్లాక్‌మోర్, పేస్ నిశ్చయించుకొని, 1969లో ఇయన్ గిలన్, రాజర్ గ్లోవర్ అను ఇరువురిని రప్పించి, పాతవారికి తెలియకుండనే వారితో సాధన మొదలిడిరి. అది మర్యాదయని మేము చెప్పజాలము. కాని బృందమునకు కీర్తి తెచ్చినది ఆ కూర్పే.

క్రొత్తవారు వచ్చిన కొలది మాసములకే, 1969 సెప్టెంబరు 24న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలునందు, రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందముతో కలిసి వీరు ఒక కచేరీ చేసిరి. స్వరరచన జాన్ లార్డ్‌ది. నిర్వాహకుడు మాల్కం ఆర్నల్డ్. శాస్త్రీయ పియానో శిక్షణ పొందిన లార్డ్‌కు ఇది చిరకాల వాంఛ. బ్లాక్‌మోర్‌కు మాత్రము ఈ మార్గము రుచించలేదు. మరుసటి సంవత్సరము వెలువడిన 'ఇన్ రాక్' అను రికార్డు అతని పక్షమున పలికినది. కాని లార్డ్ ఓడిపోలేదు. చర్చిలలోను, జాజ్ శాలలలోను మృదువుగా పలుకు హామండ్ ఆర్గనును గిటారులవారు వాడు మార్షల్ యాంప్లిఫయరుకు కలిపి, గిటారుతో సరిసమానముగా గర్జించునట్లు చేసెను. ఒక్క గిటారే నాయకత్వము వహించు ఇతర బృందముల నుండి వీరిని వేరుచేసినది ఈ జంట గర్జనయే.

1971 డిసెంబరులో వీరు స్విట్జర్లాండులో సరస్సు ఒడ్డున గల మాంట్రో పట్టణము చేరిరి. అచటి కాసినో భవనములో, అద్దెకు తెచ్చుకొన్న సంచార రికార్డింగు బండి సాయముతో క్రొత్త పాటలు ముద్రించుట వారి ఏర్పాటు. డిసెంబరు 4న అదే భవనములో అమెరికనుడైన ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుచుండగా, ప్రేక్షకులలో ఎవరో వెలుగు బాణము నొకదానిని పైకప్పునకు ప్రయోగించిరి. భవనము దగ్ధమైనది. నీటిపై పరచుకొన్న పొగను వీరు కన్నులార చూచిరి. గ్లోవర్ కొన్నాళ్లకు నిదురనుండి లేచుచు పలికిన మాట 'స్మోక్ ఆన్ ది వాటర్', అనగా నీటిమీది పొగ.

తరువాత పెవిలియన్ అను నాటకశాలకు మారిరి. రాత్రివేళ ఆ హోరు భరింపలేక పొరుగువారు ఫిర్యాదు చేయగా పోలీసులు వచ్చిరి. వారు వెలుపల తలుపు తట్టుచుండగనే ఆ పాటకు మూలమైన వాద్యభాగము ముద్రితమైనది! అచట నిలువ వీలులేక, చలికాలమగుటచే మూతపడియున్న గ్రాండ్ హోటలును చూచుకొని, నడవలలో పరుపులు నిలబెట్టి స్టూడియోగా మార్చుకొనిరి. వాయించినదానిని వినవలెనన్న గదులు, వసారాలు దాటి బండిదాక పోవలెను. విసిగి, వినుటయే మానుకొని, తృప్తి కలుగువరకు వాయించుచు పోయిరట. స్టూడియోలలో కాలము గడుపు మాకు ఈ ముచ్చట ఎంతయో నచ్చినది.

ఆ పాటలోని రిఫ్‌కు నాలుగే స్వరములు. ప్రతి స్వరము వెంట మధ్యమదూరమున గల మరియొక స్వరము జంటగా నడచును. గిటారు చేపట్టిన కుర్రవాడెవడైనను మొదట దీనినే వాయింప చూచును. పాట 1972లో 'మెషిన్ హెడ్' రికార్డులో వెలువడి, మరుసటి యేడు అమెరికాలో నాలుగవ స్థానము పొందెను. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో నగరముల కచేరీలనుండి కూర్చిన 'మేడ్ ఇన్ జపాన్' నేటికిని కచేరీ రికార్డులకు మేలిబంతి యని మా అభిప్రాయము. లండనులో వీరి కచేరీ ధ్వని 117 డెసిబెలులని గిన్నిస్ గ్రంథము నమోదు చేసెను. శ్రోతలు దీనిని ఇంట ప్రయత్నింపకుందురుగాక!

కీర్తితోపాటు కలహము పెరిగినది. 1973లో గిలన్, గ్లోవర్ నిష్క్రమించిరి. బట్టల దుకాణములో పనిచేయుచున్న డేవిడ్ కవర్‌డేల్ గాయకుడై వచ్చెను. బేస్ గిటారుకు గ్లెన్ హ్యూజ్ వచ్చెను. 1975లో బ్లాక్‌మోరే విడిపోగా, అమెరికనుడైన టామీ బోలిన్ ఆ స్థానము నాక్రమించెను. 1976 మార్చి 15న లివర్‌పూల్ కచేరీతో బృందము ముగిసెను. అదే యేడు డిసెంబరు 4న, కాసినో కాలిన ఐదేండ్లకు సరిగా అదే తేదీన, బోలిన్ ఇరువదియైదేండ్లకే మరణించెను.

ఇక పేరు సంగతి. 1980లో ఒక సంస్థ వారు తొలి గాయకుడైన రాడ్ ఎవాన్స్‌ను పిలిచి, అతని ప్రక్కన క్రొత్తవారిని నిలిపి, డీప్ పర్పుల్ అను పేరిటనే అమెరికాలో కచేరీలు మొదలిడిరి. తెలిసిన ముఖములు లేకపోవుటతో ప్రేక్షకులు ఆగ్రహించిరి. వ్యవహారము న్యాయస్థానమునకు పోగా, ఆ పేరు వాడరాదని నిషేధించుటయేగాక, 6,72,000 డాలర్ల నష్టపరిహారము చెల్లింపుమని తీర్పు వచ్చెను. శ్రోతలను మోసగించుట తప్పే, తీర్పు న్యాయమే. అయినను, ఆ పేరిట వచ్చిన తొలి పాట పాడిన కంఠము ఎవాన్స్‌దేకదా! అతడు దిగుటకు ముందు రాట్నము తిరిగినది అతనితోనే. ఆ పిమ్మట అతడు సంగీత ప్రపంచమునకు కనుమరుగయ్యెను.

1984లో గిలన్ మున్నగు ప్రసిద్ధ కూర్పు మరల కలిసి 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' రికార్డును వెలువరించెను. పాత కలహములును వెంట వచ్చినవి. గిలన్‌ను తొలగించుట, మరల పిలుచుట జరిగినది. 1993 నవంబరులో, యాత్ర నడుమనే, బ్లాక్‌మోర్ ఇక రాకుండునట్లు వెడలిపోయెను. 1994లో స్టీవ్ మోర్స్ చేరినపిదప గాని ఇల్లు శాంతింపలేదు.

లార్డ్ రచించిన ఆ 1969 నాటి కృతి స్వరలిపి 1970లోనే పోయినది. మార్కో డి గోయి అను డచ్చి సంగీతజ్ఞుడు రికార్డును పదేపదే వినుచు, దృశ్యమును చూచుచు, ప్రతి వాద్యము పలుకు స్వరములను చెవితో పట్టి తిరిగి వ్రాసెను. లార్డ్ దానిని సరిచూచెను. 1999 సెప్టెంబరులో అదే హాలులో, లండన్ సింఫనీ వాద్యబృందముతో ఆ కృతి మరల వినిపించినది. వినుటయే వృత్తిగా గల మాకు ఇంతకు మించిన తపస్సు తోచదు. లార్డ్ 2002లో విరమించి, 2012 జూలై 16న దివంగతుడయ్యెను. అతని స్థానమున డాన్ ఎయిరీ కూర్చుండెను.

2016లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ గౌరవ పీఠము ఈ బృందమును స్వీకరించినప్పుడు, గౌరవింపబడినవారి పట్టికలో లార్డ్, బ్లాక్‌మోర్, గిలన్, గ్లోవర్, పేస్, కవర్‌డేల్, హ్యూజ్‌లతో పాటు రాడ్ ఎవాన్స్ పేరును కలదు. అతడు సభకు రాలేదు. అతనితోపాటు దిగిన నిక్ సింపర్‌ను మాత్రము ఆ పట్టిక మరచినది. అది అన్యాయమని మేము తలంతుము.

2022లో భార్య అనారోగ్యము వలన మోర్స్ విడిపోగా, ఉత్తర ఐర్లండు వాడైన సైమన్ మెక్‌బ్రైడ్ గిటారు అందుకొనెను. బృందము తొలిసారి ముగిసిన తరువాత పుట్టినవాడతడు. 2024లో వచ్చిన 'ఈక్వల్స్ వన్' రికార్డులో అతని గిటారుకు డ్రమ్ము వాయించినది, తొలి రికార్డు మొదలు అన్నిట వాయించిన ఇయన్ పేస్.